మడమ వెనక పగ్గం

కల్వర్టు దాటగానే ఎత్తు మొదలైంది. ఎత్తు మొదలవగానే బస్సుకు ఆయాసం వచ్చింది. డ్రైవరు గేరు మార్చి చూశాడు, బతిమాలి చూశాడు, తిట్టి చూశాడు. చివరికి బస్సూ ఆయనా ఒకరి మీద ఒకరు అలిగి రోడ్డు పక్కన ఆగిపోయారు. "ఇంకో బండి వస్తుందండీ, అందరూ దిగండి" అన్నాడు కండక్టరు. ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళకు మాత్రం వాచీ చూడకుండా ఆకాశం చూపించాడు.

ఆగిపోయిన బస్సు చుట్టూ చూస్తుండగానే ఒక చిన్న ఊరు పుడుతుంది. ఇంజను దగ్గర సలహాలిచ్చే పెద్దలు చేరతారు. రోడ్డు పక్క బండ మీద ఒక జంట సంసారం పెట్టేస్తుంది. ఆలస్యంలో తన తప్పేమీ లేదని ఫోనులో ఎవరినో నమ్మించలేక ఒకడు చెమటలు కక్కుతుంటాడు. నేను చాలా ఏళ్ళుగా ఇలాంటి ఊళ్ళలోనే కాపురం చేస్తున్నవాణ్ణి. అలవాటు కొద్దీ నీడ వెతుక్కుంటూ బస్సు వెనక్కి వెళ్ళాను.

ఆ ఊళ్ళో చేరని మనిషి ఒకావిడ అక్కడ కనిపించింది. వెనక తలుపు మెట్టు మీద, లోపలికి ముఖం పెట్టి నిలబడి ఉంది. మునివేళ్ళు మాత్రమే మెట్టు మీద ఉన్నాయి, మడమలు గాలిలో వేలాడుతున్నాయి. రొమ్ముకు ఆనించి ఒక గోనెసంచి తగిలించుకుంది. కమ్మీని రెండు వేళ్ళతో ఊరికే తాకి ఉంది. మెల్లగా మునివేళ్ళ మీద లేచింది. కాసేపు అలాగే ఆగింది. లేచినదానికంటే మెల్లగా, మడమలు మెట్టు అంచు కంటే కిందికి వచ్చేదాకా దిగింది. మళ్ళీ లేచింది. సంచి కదిలినప్పుడల్లా లోపల ఇనుము మూలిగింది.

సీటు కింద ఏదో పడిపోతే తొంగి చూస్తోందనుకున్నాను.

"ఏం పోయింది చెల్లెమ్మా? నేను వెతకనా?"

"ఏమీ పోలేదు. పోకుండా చూసుకుంటున్నా." తల తిప్పకుండానే అంది. కొంచెం ఆగి, "చెల్లెమ్మేంటి? నాకెంతనుకుంటున్నారు వయసు?"

"డెబ్బై లోపు."

"మరి మీకో?"

"డెబ్బై దాటి కొంత దూరం వచ్చాను."

"అయితే సరే, అన్నయ్యా. కాస్త పక్కకు జరగండి, దిగాలి."

దిగింది. సంచిని వీపు మీదికి మార్చుకుంది. చెప్పుల పట్టీలు సర్దుకుని, కండక్టరు వైపు కూడా చూడకుండా, ఎత్తు వైపు నడక మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఎక్కడికి? బండి వస్తుందన్నానుగా!" అని అరిచాడతను.

"నీ బండి వచ్చేసరికి నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు నాయనా."

ఇంత మాట విన్నాక నీడలో కూర్చోవడం నావల్ల కాలేదు. చేతికర్ర తీసుకుని వెనకే నడిచాను. పక్కకు చేరుకునేసరికి ఆయాసం వచ్చిందని వేరే చెప్పనక్కర్లేదు.

"ఆ కుర్చీ ఏ ఆఫీసులోది?"

"ఆఫీసు కాదు. కాటా దగ్గరిది. ఈ ఎత్తు దిగితే కనపడే కూరగాయల మార్కెట్టు మాది. ముప్పై ఏళ్ళకు పైగా అక్కడ తూచేది నేనే." నా కర్ర వైపు ఒకసారి చూసింది. "మీరు రాగలరా, లేక మధ్యలో మిమ్మల్ని కూడా ఎత్తుకోవాలా?"

మార్కెట్టులో అందరూ ఆమెను కాటా అత్త అంటారు. నిజానికి ఆమె ఒక్కడికే అత్త. తమ్ముడి కొడుకు ఒకడు అక్కడే బస్తాలు దించే పనిలో చేరి, "అత్తా, అత్తా" అని రోజంతా పిలిచేవాడు. ఆ పిలుపును మిగతావాళ్ళు తీసుకుని మళ్ళీ తిరిగి ఇవ్వలేదు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలుస్తారు.

తూకం వేసే మనిషిని నేను తిరిగిన ఊళ్ళలో ఎక్కడా పూర్తిగా నమ్మరు. ఒక రేవులో తూచేవాడు చొక్కా చేతులు మోచేతి పైకి మడిస్తే గానీ తక్కెడ ముట్టనివ్వరు. ఒక కొండ ఊరి సంతలో తూచేటప్పుడు చెప్పులు విప్పించి, రెండు కాళ్ళూ కనపడేలా నిలబెడతారు. ఈమె మార్కెట్టు వాళ్ళ పద్ధతి వేరు. అక్కడ కాటా ఒక సిమెంటు దిమ్మ మీద ఉంటుంది. దిమ్మ కింద గూట్లో పాతిక కిలోల ఇనుప దిమ్మె ఒకటుంది. దాని పేరు సాక్షి. పొద్దున్నే అందరి ముందు తూచే మనిషి సాక్షిని స్వయంగా ఎత్తి, మెట్లెక్కి, కాటా మీద పెట్టాలి. ముల్లు పాతిక మీద నిలిస్తేనే ఆ రోజు బేరాలు. రెండో మనిషి చెయ్యి వెయ్యకూడదు. వేస్తే, వాడు ఎవరి మనిషి అనే ప్రశ్న వస్తుంది. సాక్షి కాటా మీద ధన్‌మని పడిన చప్పుడు వినపడితే చాలు, మార్కెట్టంతా ఒక్కసారి నోరు తెరుస్తుంది.

"ఇవాళ ఏడాదికొక్కసారి వచ్చే రోజు. ఇవాళ సాక్షిని ఎవరు పెడితే ఏడాదంతా కుర్చీ వాళ్ళది. ఎనిమిది నెలలుగా నా మేనల్లుడు కూర్చుంటున్నాడు. మంచివాడే. కానీ మార్కెట్టు కార్యదర్శి కన్నెర్రజేస్తే చాలు, వాడి మెడ దానంతటదే ఊగుతుంది. 'ఆ లారీ ముందు తూచెయ్' అంటే తూచేస్తాడు. తెల్లారకముందు వచ్చి రెండు బస్తాలతో నిలబడినవాళ్ళు ఎండలో అలాగే నిలబడతారు. నేనుంటే వరస వరసే."

"ఎనిమిది నెలలు మీరెందుకు లేరు?"

ఆమె నడుస్తూనే కుడి చెప్పులోంచి మడమ కాస్త పైకెత్తి చూపించింది. మడమకు పైన, ఉండాల్సిన దానికంటే లావుగా, తాడులో ముడి ఉన్నట్టుగా ఉంది.

"సాక్షిని ఎత్తుకుని రెండో మెట్టు మీద కాలు పెట్టాను. వెనకనుంచి ఎవరో ఫాట్‌మని తన్నారు. సాక్షిని దిమ్మ మీద పడేసి, వెనక్కి తిరిగి, అక్కడున్న కూలీ చెంప మీద ఒక్కటిచ్చా. 'అత్తనురా, కాలితో తంతావా' అని. పాపం, వాడు నాలుగడుగుల అవతల టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టడం కూడా మర్చిపోయాడు. మళ్ళీ అడుగు వెయ్యబోతే కాలు నా మాట వినలేదు. అప్పుడర్థమైంది, తన్నింది నా కాలేనని."

"తర్వాత?"

"తర్వాత వాడికి సారీ చెప్పా. కానీ ఇప్పటికీ నా వెనక నడవడు."

అసలు కథ అక్కడ పక్కదారి పట్టింది. దారి తప్పించింది మనుషులు కాదు, ఒక మాట. మన భాషలో నరం అనే మాట ఉంది చూడండి, దానంత పనిమంతురాలు ఇంకొకటి లేదు. నెత్తురు పారేదీ నరమే, నొప్పిని మోసుకెళ్ళేదీ నరమే. కోపం వస్తే కణతల దగ్గర పొంగేదీ, చలికి జివ్వుమనేదీ, కండను ఎముకకు కట్టి ఉంచేదీ అన్నీ నరాలే. పుస్తకాలు రాసినవాళ్ళు ఆఖరిదానికి స్నాయువు అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు పుస్తకాల్లోంచి వీధిలోకి ఎప్పుడూ దిగలేదు. నేనూ ఒక లాడ్జీ గదిలో, ముందున్నవాళ్ళు వదిలేసిన శరీరశాస్త్రం పుస్తకంలో చదివి వదిలేశాను. మార్కెట్టులో కూలీ మొదలుకుని కార్యదర్శి దాకా అందరూ ఆమె కాలు నొక్కి చూసి ఒకే తీర్పు ఇచ్చారు: నరం మీద నరం ఎక్కింది.

నరం మీద నరం ఎక్కితే ఏం చేస్తారు? దించాలి. దించేవాణ్ణి పిలిపించారు. అతను నూనె రాసి, బొటనవేలితో లోతుగా నొక్కి, ఆమెకు పగలే చుక్కలు చూపించాడు. ఎవరో నరాల బలానికి మాత్రలు తెచ్చిచ్చారు. పక్క ఊళ్ళో ఉన్న కూతురు వచ్చి, తల్లిని తన ఇంటికి తీసుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టింది. "నరాలతో ఆటలొద్దు. కాలు కింద పెడితే ఊరుకోను" అంది. ఆమె పెట్టలేదు. నీళ్ళ గది దాకా కూతురు భుజం మీద వెళ్ళేది. కాలు కింద పెట్టకపోతే నొప్పి లేదు కాబట్టి, నయమవుతోందని ఇంట్లో అందరూ సంతోషించారు.

"నేనూ అలాగే అనుకున్నా అన్నయ్యా. పీచు లేచిన తాడుంటే ఏం చేస్తాం? బరువు కట్టం. పక్కన పెడతాం. అలా పక్కన పెట్టుకున్నా. రెండు నెలలు పోయాక చూసుకుంటే పిక్క లేదు. ఎముకకు చీర కట్టినట్టుంది కాలు. నుంచుంటే మడమ మంట. పడుకుంటే నేనో బస్తా. ఎవరు ఎటు జరిపితే అటు."

అప్పుడు గానీ పెద్దాసుపత్రికి వెళ్ళలేదు. లోపలి ఫోటో తీశారు. డాక్టరు చూసి, పూర్తిగా తెగలేదు, కొంత చిరిగింది, మిగతాది వయసుతో పీచు పీచుగా అయింది, కోత అక్కర్లేదు అన్నాడు. కింద అంతస్తులో కసరత్తులు చేయించే గదికి పంపాడు. అక్కడ ఒక అమ్మాయి ఉంది. జుట్టు పైకి ముడివేసుకుని, ఎప్పుడూ ఏదో ఒక బంతిని కాలితో దొర్లిస్తూ మాట్లాడేదట. కాటా అత్త ఆమెకు కసరత్తు డాక్టరమ్మ అని పేరు పెట్టింది.

"మొదటిరోజే పోట్లాడుకున్నాం" అంది, ఆ పోట్లాట ఇంకా రుచిగానే ఉన్నట్టు. "నరం ఎప్పటికి అతుక్కుంటుందమ్మా అన్నా. ఇది నరం కాదండీ అంది. మరేంటన్నా. ఏదో సంస్కృతం చెప్పింది. నాకు నోరు తిరగలేదు. చేత్తో చూపించింది. ఇదిగో పైన పిక్క, కింద మడమ, పిక్క లాగితే మడమ లేవాలి, మధ్యలో లాగేది ఇది. ఓసి పిచ్చిదానా, పగ్గమా అన్నా. నవ్వేసి, పగ్గమేనండీ అంది. ఇంత చక్కని మాటుండగా ఎనిమిది వీధుల జనం నరం నరం అని నన్ను మంచాన పడేశారు!"

"పగ్గం అరిగితే పక్కన పెట్టాలిగా మరి?"

"అదే అడిగా. మీరూ నాలాగే తెలివైనవాళ్ళన్నమాట." ఓరకంట చూసింది. "తాడు ప్రాణం లేనిదమ్మా, లాగినకొద్దీ అరుగుతుంది, ఇది బతికున్నది అంది. దీనికి నెత్తురు చాలా తక్కువ అందుతుందట. అందుకే బాగుపడడం నత్తనడక. వయసయ్యేకొద్దీ ఇంకా నిదానం. సాగుడు వస్తుంది, బిగువు పోతుంది. కానీ బరువు పడితే దానికి తెలుస్తుందట, ఇంకా నాతో పనుంది అని. బరువు పడకపోతే తనకు పని లేదనుకుని సన్నబడుతుంది. ఆ మాట విన్నప్పుడు నాకెంత కోపం వచ్చిందో! కాలి మీద కాదు. నేను పడుకున్న మంచం మీద."

ఎత్తు సగం ఎక్కాం. ఆమె ఒక మైలురాయి దగ్గర ఆగి, మడమ పైభాగం బొటనవేలితో నొక్కుకుంది. పెదవి కొంచెం బిగిసింది.

"నొప్పి ఉందా?"

"ఉంది. ఉండనీ. రేపు పొద్దున లేచేసరికి తగ్గితే లెక్కలో ఉన్నట్టు. ఇంకా పెరిగితే నేను అతి చేసినట్టు. ఈ లెక్క కూడా డాక్టరమ్మదే." సంచి భుజం మార్చుకుంది. మర్యాదకు ఇలా ఇవ్వమన్నాను. ఇచ్చింది. కరెంటు స్తంభం దాకా మోశాను. అక్కడ నేనేమీ అనకముందే తిరిగి తీసుకుంది.

"ఏముందిందులో?"

"రాళ్ళు. తక్కెడ పోయి ముల్లు కాటా వచ్చినప్పుడు పాత తూకపు రాళ్ళన్నీ ఇనుపకొట్టుకు తోసేశారు. నేను కొన్ని మంచం కింద పెట్టుకున్నా. ఎందుకో తెలీదు, ఇన్నాళ్ళు నా చేతిలో తిరిగాయి గదా అని. ఇప్పుడు అవే పనికొచ్చాయి."

మొదట ఒట్టి ఒంటి బరువుతో మడమలెత్తడం. అది తేలికయ్యాక అరకిలో రాయి. తర్వాత కిలో. ఆమెకు బరువులు కలపడం ఒకరు నేర్పాలా? అయితే తొందరపడడం కూడా అక్కడే వచ్చింది. ఒక వారం హుషారులో రెండు రాళ్ళు ఒకేసారి పెంచింది. మర్నాడు మెట్లు దిగలేకపోయింది. డాక్టరమ్మ బంతి దొర్లించడం ఆపి కోప్పడింది. కండ త్వరగా బలపడుతుంది, పగ్గానికి నెలలు పడతాయి, కండ మాట విని పగ్గాన్ని తొందరపెట్టొద్దు అంది. అలాగని పూలబుట్ట ఎత్తినట్టు ఎత్తితే దానికి తగలదు. బరువుండాలి, నిదానంగా ఎత్తాలి, అంతకంటే నిదానంగా దించాలి. ఎత్తడం అందరూ చేస్తారట. దించడం దగ్గరే అందరూ వదిలేస్తారట.

ఇక ఇంట్లో యుద్ధం. కూతురు ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం త్వరగా వచ్చేసరికి, తల్లి సంచి నిండా ఇనుము కట్టుకుని గుమ్మం మెట్టు మీద లేస్తూ దిగుతూ కనపడింది.

"అమ్మా! ఏంటే ఇది? నీకు మతి పోయిందా?"

"మతి ఉంది. పిక్కే పోయింది. తెచ్చుకుంటున్నా."

"ఈ వయసులో బరువులేంటి? చూసినవాళ్ళు నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వు బరువెంతని? అది కూడా సంచిలో వేసుకుంటా."

"తెగితే?"

"తెగితే కూర్చుంటా. తెగకముందే కూర్చోమంటావేం?"

కూతురు సంచి లాక్కుని అటక మీద పెట్టేసింది. అల్లుడు ఇళ్ళకు రంగులు వేసే పనివాడు. వరండా నిండా అతని రంగు డబ్బాలు. మర్నాటి నుంచి అత్తగారు రెండు చేతులా రెండు డబ్బాలు పట్టుకుని మెట్టెక్కడం మొదలుపెట్టింది. అతను గోడ వైపు తిరిగి బ్రష్షులు కడుక్కుంటూ, "అత్తయ్యగారూ, ఆ నీలంరంగు డబ్బా సగమే ఉంది. తెల్లరంగుది నిండుగా ఉంది, చూసుకోండి" అని మెల్లగా చెప్పాడట. ఆ సాయంత్రం కూతురు తెల్లరంగు డబ్బా సంగతి కూడా కనిపెట్టేసింది. ఈసారి కోప్పడలేదు. ఏడ్చింది.

"నిన్ను నీళ్ళ గది దాకా మోసింది నేనమ్మా. రోజూ. నువ్వు మూలుగుతుంటే పక్కగదిలో చెవులు మూసుకుంది నేను. మళ్ళీ ఆ రోజులు నావల్ల కాదు. నీకేం కావాలన్నా నేనున్నాగా. ఇంక అన్నీ నాకొదిలెయ్."

కాటా అత్త ఈ మాట చెప్పేటప్పుడు నడక తగ్గించింది. ఎండ పైకొస్తోంది. ఎత్తు చివర ఒక చిన్న గాలి తగిలింది.

"అది దొంగ ఏడుపు కాదు. నాకు తెలుసు. అందుకే మెత్తగా చెప్పా. 'ఇంటి పగ్గాలు ఎప్పుడో నీ చేతికిచ్చాను. ఒంటి పగ్గాలు మాత్రం ఇవ్వను. అవి ఇచ్చేసిన రోజున నువ్వు మోయాల్సింది అమ్మను కాదు, మూటను' అన్నా. మర్నాడు అది నాతో ఆసుపత్రికొచ్చింది, డాక్టరమ్మను కడిగేద్దామని. ఆ పిల్ల నా కూతుర్ని మెట్టు మీద నిలబెట్టి, ఒంటికాలి మీద మడమెత్తమంది. నాలుగోసారికి కాలు గజగజ వణికింది మహాతల్లికి. నేను పక్కన ఇనుముతో లేస్తున్నా. సాయంత్రం ఇంటికొచ్చి, అటక మీంచి సంచి తనే దించింది. దించడంలోనే వేలు నలిగింది, అది వేరే సంగతి."

అవతలి వాలు దిగుతుంటే మార్కెట్టు రేకుల కప్పు తళతళలాడుతూ కనపడింది. దిగడంలో ఆమె ఎక్కడా కాలు ఊరికే వదలలేదు. ప్రతి అడుగూ పెట్టి, నమ్మి, తర్వాతే బరువు దానికిచ్చింది. ముసలితనంలో పడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. పది మెట్ల దారి అయినా నేను దిగేచోటే కర్ర వెతుక్కుంటాను. ఆమె దిగే తీరు చూస్తూ దిగాను, ఎందుకో కర్ర మీద అంతగా పడలేదు.

వెనక గేటులోంచి దూరాం. ఉల్లిపొట్టు గాలికి లేచి మోకాళ్ళకు తగులుతోంది. బంగాళాదుంపల మట్టివాసన. రెండు వరసల బస్తాలు, వాటి పక్కన చతికిలబడిన మనుషులు. దిమ్మ చుట్టూ జనం మూగి ఉన్నారు. మేనల్లుడు నడుము వంచి గూట్లో చెయ్యి పెట్టాడు. కార్యదర్శి, తెల్లచొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకున్న బక్కపలచని మనిషి, పక్కనే నిలబడి ఉన్నాడు.

"చెయ్యి తీయరా."

మేనల్లుడు ఉలిక్కిపడి లేచి, గూటి పైకప్పుకు తల కొట్టుకున్నాడు. "అత్తా! బస్సు ఆగిపోయిందని ఫోనొచ్చింది! నడిచొచ్చావా?"

"లేదురా, ఎగిరొచ్చా. జరుగు."

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఈ వయసులో, ఆ కాలితో... డాక్టరు కాగితమేమైనా తెచ్చారా?"

"కాగితాన్ని తూస్తావా, నన్ను తూస్తావా?"

జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆమె సంచి దించి నా కాళ్ళ దగ్గర పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. చెప్పులు విప్పింది. గూటి ముందు మోకాళ్ళు వంచి, సాక్షిని కౌగిలించుకున్నట్టు రొమ్ముకు చేర్చుకుని లేచింది. మొదటి మెట్టు. రెండో మెట్టు మీద కుడికాలు పెట్టింది. ఎనిమిది నెలల కింద ఆ కాలు ఆమెను తన్నిన మెట్టు అదే. నేను ఆమె ముఖం చూడలేదు, మడమనే చూశాను. మడమ మెట్టును వదిలింది. వెనక పగ్గం, లావెక్కిన ఆ ముడితో సహా, బిగిసి నిటారుగా నిలబడింది. మేనల్లుడి చేతులు వాడికి తెలియకుండానే ముందుకొచ్చాయి.

"ముట్టుకున్నావంటే చూడు" అందామె, వెనక్కి చూడకుండా.

దిమ్మ మీద నిలబడింది. అందరూ చప్పుడు కోసం చూస్తున్నారు. ఒక దళారి నోరు అప్పటికే తెరిచి ఉంచాడు, కేక వెయ్యడానికి. ఆమె మోకాళ్ళు వంచింది. సాక్షి దిగడం మొదలుపెట్టింది. దిగుతూనే ఉంది. పసిబిడ్డను నిద్ర లేవకుండా పక్క మీద పెట్టినట్టు కాటా మీద పెట్టి, చేతులు తీసింది.

చప్పుడు రాలేదు.

ముల్లు ఒక్కసారైనా ఊగకుండా వెళ్ళి పాతిక మీద నిలబడింది. దళారి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. మార్కెట్టంతా కదల్లేదు. ఉల్లిపొట్టు ఎగురుతున్న సద్దు వినపడింది.

"అదేంటి?" అన్నాడు కార్యదర్శి. "చప్పుడేది? చప్పుడు కాకుండా కాటా తెరిచినట్టు ఎలా అవుతుంది? ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బాబూ, నువ్వు ఒకసారి ఎత్తి..."

మేనల్లుడు కదలబోయాడు. ఆమె సాక్షి మీద చెయ్యి వేసింది.

"చప్పుడు పడేస్తే వస్తుంది. ఇన్నేళ్ళూ నేనూ పడేశా. చేతుల్లో ఓపిక అయిపోగానే వదిలేసేదాన్ని, దాన్నే మీరంతా బలమనుకున్నారు. ఆ దెబ్బలకు ఈ ముల్లు ఎన్నిసార్లు పక్కకు తిరిగిందో రిపేరు చేసినవాణ్ణడుగు. పడేయడానికి బలం దేనికయ్యా, దించడానికి కావాలి. ఇంకోసారి చూపించనా?"

జవాబు కోసం ఆగలేదు. వంగి, సాక్షిని మళ్ళీ రొమ్ముదాకా ఎత్తింది. ఈసారి కార్యదర్శి కళ్ళలోకి చూస్తూ దించింది. మెడ మీద నిజమైన నరమే ఒకటి పొంగింది. అయినా ఇనుము ఇనుమును తాకిన సద్దు కూడా పైకి రాలేదు. ముల్లు మళ్ళీ పాతిక మీదే.

కార్యదర్శి ఏదో అనబోయాడు. అంతలో వరస మధ్యలోంచి పెద్ద చప్పుడైంది. రెండు బస్తాల ఉల్లితో కూర్చున్న ఒక ఆడమనిషి తన ఖాళీ రేకుడబ్బాను బోర్లించి, అరచేత్తో బలంగా చరిచింది.

"ఇదిగోనయ్యా నీ చప్పుడు! చాలా?"

పక్కవాడు చెక్కపెట్టె మీద చరిచాడు. ఆ వెనక ఇంకొకడు బండి రేకు మీద. ఆ తర్వాత ఎవరు దేన్ని కొడుతున్నారో తెలియలేదు, రేకుల కప్పంతా మోగిపోయింది. చెంపదెబ్బ తిన్న కూలీ అట, నాకు తర్వాత చూపించారు, వాడు టీ గ్లాసుతో స్తంభాన్ని కొడుతున్నాడు, ఆమెకు కాస్త దూరంలో, ఆమె వెనక మాత్రం నిలబడకుండా. దళారి ఎట్టకేలకు నోట్లో ఉన్న కేక వదిలాడు. మార్కెట్టు తెరుచుకుంది.

మేనల్లుడు కుర్చీ తుడిచి జరిపాడు. "అత్తా, కూర్చో" అన్నాడు. వాడి ముఖంలో నాకు బాధ కనిపించలేదు. భుజాలు మాత్రం దిగాయి, బరువు దించుకున్నవాడిలాగా.

"నువ్వూ ఉండు, పక్కన నిలబడి నేర్చుకో. మొదట మడమలెత్తడం నేర్పుతా. తర్వాత వరస కాపాడడం" అంది.

నేను సంచి దగ్గరే నిలబడ్డాను. ఇక వెళ్ళొస్తానని చెప్పాలి కదా. ఇంత దూరం కలిసి నడిచాక ఒక మాట ఉంటుంది. ఏమనాలో కూడా మనసులో కూర్చుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుంది, అర నిమిషం కూడా కాలేదు, గేటు వైపు చూసి చప్పున లేచింది. ఒక లారీ బస్తాల వరసను దాటుకుని ముందుకు దూరుతోంది. డ్రైవరు కార్యదర్శికి చెయ్యి ఊపుతున్నాడు.

"ఏయ్! వెనక్కి! వెనక్కి తియ్!"

దిమ్మ దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నా పక్కనుంచే, భుజం తగిలేంత దగ్గరగా వెళ్ళింది. నావైపు చూడనైనా లేదు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఉల్లిపొట్టు మీద ఆమె వట్టికాళ్ళు పడుతూ లేస్తూ పోయాయి. కుడి మడమ లేచిన ప్రతిసారీ వెనక పగ్గం బిగిసింది, మళ్ళీ సడలింది. లారీ హారన్ కొట్టింది. ఆమె ఆగలేదు. దాని ముందుకే నడిచింది.